పావు చుట్టు

మా బావను పొగడాలంటే నాకు నోరు తిరగదు. బావమరిది బతక కోరతాడని సామెత ఉంది గానీ, బావను పొగడాలని ఏ సామెతలోనూ లేదు. పైగా ఆయన తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. నాలుగో కాలు తెచ్చి చేతిలో పెట్టినా, ఇది పక్కవాళ్ళ కుందేలుది అంటాడు. అయినా ఆయన సంగతి నేనే చెప్పాలి. ఆయన్ని అందరికంటే ఎక్కువ నొప్పించింది నేనే కాబట్టి.

నేను చెట్లు కోసేవాణ్ణి. గాలివానకు ఇంటిమీదికి ఒరిగిన చెట్టు, కరెంటు తీగల్లోకి పెరిగిన కొమ్మ, రోడ్డుకు అడ్డంగా పడిన మాను, వీటితోనే నా బతుకు. బావ రంపం మిషన్ల మెకానిక్కు. నేను కోసిన మొదటి చెట్టు నుంచి నేటి దాకా నా చేతిలో మిషన్ ఆయన బల్ల మీంచి వచ్చిందే.

ఆయన షాపు ఒకదాని వెనక ఒకటిగా రెండు గదులు. ముందు గదిలో రోడ్డు వైపు బావ బల్ల. వెనక గదిలో కిటికీ కింద మా అక్క బల్ల. బావ ఇంజన్లు చూస్తాడు, అక్క రంపం చుట్టూ తిరిగే పళ్ళ గొలుసులకు పదును పెడుతుంది. సన్నటి గుండ్రటి ఆకురాయి పట్టుకుని ఒక్కో పంటికి మూడు తోపులు, ఎక్కువా కాదు తక్కువా కాదు. ఆ గది దాటితే పెరడు, పెరట్లో రెండు దిమ్మల మీద పరీక్ష దుంగ. బావ షాపు గొలుసుతో ఇంజను సరిచేసి, మిషన్‌ని వెనక గదికి పంపిస్తాడు. అక్క దానికి కస్టమర్ సొంత గొలుసు పదును పెట్టి తొడిగి, దుంగ మీద ఒక ముక్క కోసి చూసి, తుడిచి ఇస్తుంది. ఆ ఇంట్లో ఎవరి చొక్కా దులిపినా రంపపు పొట్టు రాలుతుంది. మేనకోడలు చిన్నప్పుడు బడికి వెళ్తే, టీచరు దాని జడ దులిపిగానీ లోపలికి రానిచ్చేది కాదట.

బావకు పేరొచ్చింది మామూలు రిపేర్ల వల్ల కాదు. కంపెనీ నుంచి వచ్చిన మిషన్‌ని విప్పి, దానికి లేని సత్తువ తెప్పించడం వల్ల. అదేమంత మాయ కాదు. కంపెనీ మిషన్‌లో పొగ పోయే సైలెన్సర్‌కు కన్ను చిన్నదిగా ఉంటుంది. బావ దాన్ని విప్పి ఆ కన్ను పెద్దది చేస్తాడు. ఊపిరి తేలిగ్గా వదిలిన ఇంజను తేలిగ్గా పీలుస్తుంది కూడా. గాలి ఎక్కువ పీలిస్తే దానికి తగ్గట్టు పెట్రోలూ ఎక్కువ కావాలి. పెట్రోలు సర్దడానికి కార్బొరేటర్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. కంపెనీవాళ్ళు దాని మీద ప్లాస్టిక్ మూత బిగించి, అటు ఇంత ఇటు ఇంత తప్ప తిరగకుండా కట్టడి చేస్తారు. బావ ఆ మూత పీకేస్తాడు. ఇక ఆ స్క్రూ మనిషి చెప్పిన మాట వింటుంది, మంచి చెప్పినా చెడు చెప్పినా.

చెడు ఏమిటంటే, స్క్రూ మరీ బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది. ఇంజనుకు కావలసిన ఆయిలు కూడా ఆ పెట్రోల్లోనే కలిసి ఉంటుంది కనుక అదీ తగ్గుతుంది. అలాంటి మిషన్ మహా చురుగ్గా, చెలరేగిపోతున్నట్టు ఉంటుంది. నాలుగు రోజులు మురిపించి, ఐదో రోజు పిస్టన్ గీసుకుపోయి, కదలకుండా పట్టేస్తుంది. అందుకని ఎంత వదలాలో తెలిసినవాడే ఆ పనికి దిగాలి. తెలుసుకోవడానికి మీటర్లున్నాయి. బావ మీటరు ముట్టుకోడు. చెవితో చూస్తాడు.

పూర్తిగా రేస్ చేసినప్పుడు మిషన్ గొంతులో కొద్దిగా గరగర ఉండాలి, కర్రలో దించగానే ఆ గరగర పోయి గొంతు శుభ్రం కావాలి. ఇదీ ఆయన శాస్త్రం. వచ్చిన ప్రతివాణ్ణీ దుంగ దగ్గర నిలబెట్టి, "విన్నావా గరగర? ఇప్పుడు పోయింది, విన్నావా?" అని పాఠం చెప్పేవాడు. వాళ్ళు వినపడినా వినపడకపోయినా తల ఊపేవాళ్ళు. చెవులకు ఏదైనా పెట్టుకో బావా అని నేనంటే, డాక్టరు చెవులు మూసుకుని గుండె చూస్తాడా అనేవాడు. అక్క మాత్రం పెళ్ళయి వచ్చిన రోజు నుంచి చెవుల్లో దూది పెట్టుకునే పని చేసేది. దూదమ్మ అని ఏడిపించేవాళ్ళం.

లెక్క కుదిరాక స్క్రూను పూర్తిగా బిగించి, ఎన్ని చుట్లకు కుదిరిందో లెక్కపెట్టి, మళ్ళీ అక్కడికే తెచ్చేవాడు. ఆ లెక్కను మిషన్ పైమూత లోపలివైపు మేకుతో గీసేవాడు. పక్కన నెల, సంవత్సరం. ఒకటిన్నర చుట్టు, ఫలానా నెల. ఎవరూ చూడని చోట ఎందుకు బావా ఈ రాత అంటే, రేపు నేను పోయాక విప్పినవాడికి తెలియాలి కదరా అనేవాడు.

కంపెనీ వాళ్ళు పిచ్చివాళ్ళా, మిషన్ని మిషన్లా ఉండనివ్వరాదా అని వాదించేవాళ్ళు మాకూ తగిలేవాళ్ళు. బావ ఒకటే చెప్పేవాడు. కంపెనీవాడు లోకంలో ఉన్న అందరికీ కలిపి ఒకే చొక్కా కుట్టాడు, నేను మనిషిని చూసి కొలతలు తీసుకుని కుడతాను అని. నాకు ఆ మాట మహా ఇష్టం. ఎత్తు మీద తాడుకు వేలాడుతూ కోసేవాడికి, మిషన్ ఒక్క లహమా ముందు తెగ్గొడితే ఎంత తేడానో తెలుసు. కాబట్టి ఈ వాదనలో నేనెప్పుడూ బావ పక్షమే.

అక్క ఇరవై ఏళ్ళు ఏ పక్షమూ కాదు. అలాంటిది ఓ రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి కంపెనీ పక్షం చేరింది. కొత్త మిషన్ పట్టుకుని ఎవరు గడప తొక్కినా, ఉన్నది ఉన్నట్టు వాడుకోండి, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత వినలేదా అని మొదలుపెట్టేది. సొంత షాపులో కూర్చుని సొంత మొగుడి పనిని వద్దనే మనిషిని నేను ఎక్కడా చూడలేదు. బావ నవ్వి ఊరుకునేవాడు. వయసు మీద పడుతోంది, భయం పెరిగింది అనుకున్నాం.

ఆ తర్వాత ఏడాదికి నా మిషన్ చెట్టు మీద పట్టేసింది. ఒక స్కూలు గోడ మీదికి ఒరిగిన చెట్టు, నేను రెండు నిలువుల ఎత్తులో తాడు మీద ఉన్నాను. కొమ్మ సగం తెగింది, మిషన్ కీచుమని ఆగిపోయింది. సగం తెగిన కొమ్మ ఏం చేస్తుందో దానికే తెలియదు. దాని కింద అరగంట కదలకుండా ఉండి, చేతిరంపం పైకి తెప్పించుకుని ముగించాను. దిగగానే మిషన్ పట్టుకుని నేరుగా షాపుకు వెళ్ళాను.

బావ విప్పి చూశాడు. పిస్టన్ నిలువునా గీసుకుపోయింది. ఆయిలు తక్కువ కలిపావన్నాడు. ఇన్నేళ్ళుగా ఆయిలు కలుపుతున్నవాణ్ణి, నాకు లెక్క చెబుతున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వ్యవహారం అన్నాను. ఆయన కొత్త పిస్టన్ వేసి ఇచ్చాడు. నాలుగు నెలలకు అదీ పట్టేసింది. ఈసారి ఆయన నా పెట్రోలు డబ్బా మూత తీసి, కల్తీ పాలు చూసినట్టు వాసన చూశాడు. దాంతో నాకు మండింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే, పక్కనే ఉన్నా అక్కతో చెప్పించేవాళ్ళం.

ఆ మధ్యలో మేనకోడలి పురిటికని అక్క రెండు వారాలు ఊరు వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేసరికి షాపు గుమ్మంలో పట్టేసిన మిషన్లు మూడు వరసగా ఉన్నాయి. కట్టెల అడితి ఆయనది ఒకటి, పార్కు తోటమాలిది ఒకటి, పళ్ళతోట పెద్దావిడది ఒకటి. మూడూ ఆ రెండు వారాల్లో బావ కన్ను తెరిచి ఇచ్చినవే. బంకులో పెట్రోలు పాడైపోయిందని బావ అందరికీ చెబుతున్నాడు. మనవడు పుట్టిన సంతోషంతో వచ్చిన మనిషి, చేతిలో సంచి దించకుండా ఆ మూడింటినీ చూస్తూ నిలబడిపోయింది. మేస్త్రి చెయ్యి తప్పుతోందట అని అప్పటికే బజారులో ఒకరిద్దరు అనడం నేను విన్నాను. బావమీద ఎంత కోపమున్నా ఆ మాట నేను పడలేకపోయాను. ఆయనకు ఉన్న ఆస్తల్లా ఆ పేరే.

నాలుగు రోజులకు నా మిషన్ కోసం పెరటి దారిన వెళ్ళాను. ముందు నుంచి వెళ్తే బావ ముఖం చూడాలి కదా. అక్క దుంగ దగ్గర ఎవరిదో మిషన్ పట్టుకుని ఉంది. రేస్ చేసింది. చెవిలోంచి దూది తీసి, తల పక్కకు వంచి వింది. జడలోంచి సన్నటి స్క్రూడ్రైవర్ తీసింది. హెయిర్‌పిన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్. కార్బొరేటర్ పక్కన పెట్టి పావు చుట్టు వదులు చేసింది. మళ్ళీ రేస్ చేసింది, కర్రలో దించింది, దూది మళ్ళీ చెవిలో పెట్టుకుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టేశాను.

నన్ను చూసి దాచబోయింది. తర్వాత దాచలేదు. దుంగ మీద కూర్చుంది.

రెండేళ్ళయిందట. ఫోను మోగుతుంటే ఆయన చూస్తే తప్ప ఎత్తడం లేదని మొదట గమనించిందట. తర్వాత ఆయన సరిచేసిన మిషన్ పెరట్లోకి వస్తే గరగర లేదట. ఒకటి, రెండు, మూడు, వరసగా అంతే. ఇరవై ఏళ్ళు ఆయన పాఠం చెప్పింది కస్టమర్లకే గానీ, నేర్చుకున్నది గోడవతల కూర్చున్న ఈమె. ఆ రోజు నుంచి ఆయన బల్ల మీంచి వచ్చిన ప్రతి మిషన్‌నీ ఆమె దుంగ దగ్గర సరిచేసి పంపుతోంది. ఊరెళ్ళిన రెండు వారాలూ సరిచేసేవాళ్ళు లేక మూడు మిషన్లు పోయాయి.

"మరి నాది?" అన్నాను. "కొమ్మ కింద చచ్చేవాణ్ణి అక్కా. నాది ఎందుకు చూడలేదు?"

"నీ గొలుసు నాకిమ్మని ఎన్నిసార్లు అడిగానురా?" అంది. "నా పదును నేనే పెట్టుకుంటానని ఆయన చేతిలోంచి లాక్కుని పోతావు. నీ మిషన్ ఒక్కరోజైనా నా బల్ల మీదికి వచ్చిందా?"

నిజమే. అక్క పదును కంటే నా పదును గొప్పదని నాకో పొగరు. ఆమె అడిగిన ప్రతిసారీ, నా మీద అధికారం చూపిస్తోందనుకున్నాను. నేను చెట్టెక్కిన ప్రతిరోజూ తను ఏం తిన్నదీ తనకు తెలియదని అక్క చెప్పింది. ఆయనకు చెప్పెయ్యొచ్చు కదా అన్నాను. చెప్పడం ఎంతసేపు, చెప్పిన మర్నాడు పొద్దున ఆయన షాపు తెరిచి ఏ ముఖంతో కూర్చుంటాడు అని అడిగింది. కంపెనీ మూత ఉన్న మిషన్ అయితే ఎవరు ఎంత తిప్పినా పాడవదు, ఆయన తప్పు బయటపడదు, అందుకే వచ్చినవాళ్ళందరికీ మూత తీయించొద్దని చెప్పుకుంటున్నానంది. నేను నోరు విప్పనని ఒట్టేశాను.

ఆ ఒట్టు ముందు గది దాటేదాకా కూడా నిలవలేదు. బావను తప్పించుకోవాలన్న సంగతి మరిచి నేను ముందు దారినే బయటికి వెళ్తుంటే, బావ బల్ల దగ్గర పళ్ళతోట పెద్దావిడకు చెబుతున్నాడు. మా బామ్మర్ది లాంటివాళ్ళు ఆయిలు సరిగ్గా కలపరమ్మా, తప్పు మిషన్ మీద తోస్తారు అని. నాకు చెడ్డ కోపం. నా నాలుక నాకంటే ముందు నడుస్తుంది.

"తప్పు ఆయిల్‌ది కాదు బావా. నీ చెవులు పోయాయి," అన్నాను.

పెద్దావిడ చల్లగా బయటికి జారుకుంది. బావ నన్ను కొట్టినా బాగుండేది. బల్ల మీది మిషన్ నా చేతికిచ్చి, రేస్ చెయ్యమన్నాడు. పెరట్లోకి నడిచాం. అక్క లేచి నిలబడింది. నేను రేస్ చేసి దుంగలో దించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"గరగర ఉందా?"

"లేదు బావా. అసలే లేదు."

"కర్రలో దించినా నాకు పోవట్లేదు," అన్నాడు. "ఎంత బిగించినా పోవట్లేదు. అందుకే ఇంకాస్త బిగిస్తున్నాను." ఆగి, మిషన్ ఆపమని సైగ చేశాడు. ఆపాను. పెరడంతా నిశ్శబ్దమైపోయింది. ఆయన అలాగే నిలబడి చాలాసేపు విన్నాడు. "ఇప్పుడూ ఉంది," అన్నాడు. "ఇది మిషన్‌లోది కాదా?"

అక్క వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. నేను గోడ వైపు తిరిగాను. జీవితంలో నోరు జారినందుకు చాలాసార్లు సిగ్గుపడ్డాను గానీ, ఆ రోజు పడ్డంత ఎప్పుడూ పడలేదు. అయినా సగం ఒట్టయినా నిలుపుకుందామని, అక్క స్క్రూడ్రైవర్ సంగతి మాత్రం చెప్పలేదు.

మూడు రోజులు ఆయన షాపు తెరిచాడు గానీ ఏ ఇంజనూ ముట్టుకోలేదు. మేకులు సైజుల వారీగా ఏరి డబ్బాల్లో వేశాడు. నాలుగో రోజు, ఆర్నెల్ల తర్వాత మొదటిసారి, తనంతట తానే నా దగ్గరకు వచ్చి మాట్లాడాడు. తను కన్ను తెరిచిన మిషన్లన్నీ వెనక్కి తేవాలట. అన్నిటికీ కంపెనీ సైలెన్సర్లు, కంపెనీ మూతలు మళ్ళీ పెట్టేసి, ఇక ఈ పని మానేస్తాడట. "నా చేత్తో నేను ఎంతమందిని కొమ్మల కింద పెట్టానో," అన్నాడు. నా వ్యాన్ తీశాను. కాదనడానికి నాకు ముఖమేది?

మొదట కట్టెల అడితి. అక్కడున్న రెండో మిషన్ పాతది. బావ పైమూత విప్పి లోపలి గీతలు చూశాడు. ఒకటిన్నర చుట్టు, నాలుగేళ్ళ కిందటి నెల. స్క్రూ బిగించి లెక్కపెట్టాడు. ఒకటిన్నరే. సైలెన్సర్ విప్పి టార్చితో లోపల చూశాడు. పిస్టన్ నున్నగా, శుభ్రంగా ఉంది. అప్పటికి చెవి బాగానే ఉందిలే అన్నాడు.

తర్వాత పార్కు. తోటమాలి దగ్గర నిరుడు తెరిచిన పెద్ద మిషన్ ఉంది. పైమూత లోపల ఒకటింపావు అని ఆయన చేతి రాత. స్క్రూ బిగించి లెక్కపెట్టాడు. ఒకటిన్నర వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ ఒకటిన్నర. పిస్టన్ కొత్తదానిలా ఉంది. ఎవరైనా విప్పారా అని తోటమాలిని అడిగితే, మీరు తప్ప దీన్నెవరు ముట్టుకుంటారు మేస్త్రీ అన్నాడు. ఇది తీసేసి కంపెనీది పెడతానని బావ అంటే, ఆ మనిషి మిషన్‌ని పసిపిల్లను లాక్కున్నట్టు లాక్కున్నాడు. మొన్న కాలిపోయింది చిన్నది, ఈ పెద్దది ఇంత బాగా కోస్తుంటే ఎందుకిస్తానన్నాడు.

మూడో చోట, నాలుగో చోట అంతే. గీసిన లెక్క ఒకటింపావు, తర్వాత ఒకటీ అరపావు, తర్వాత ఒకటి. స్క్రూ మాత్రం ఎక్కడ చూసినా ఒకటిన్నర దగ్గరే ఉంది. తన చెవి ఏ నెల ఎంత పోయిందో తన చేత్తోనే రాసుకున్నది, ఒక్కో మూత విప్పి ఆయన చదువుకుంటున్నాడు. ఏడో మిషన్ దగ్గర ఇక విప్పలేదు. వ్యాన్ మెట్టు మీద కూర్చున్నాడు.

"మీ అక్కేనా?" అన్నాడు.

నేను వ్యాన్ చక్రం వైపు చూశాను. ఒట్టు కదా. ఆయన నా ముఖం చూసి, అర్థమైనట్టు తల ఊపాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతి గుడ్డ తీశాడు. దాని నిండా గ్రీజు. నా తువ్వాలు ఇచ్చాను.

ఇంటికి వెళ్ళేసరికి అక్క గొలుసు బిగించిన బల్ల ముందు కూర్చుని ఉంది. ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇకమీదట కంపెనీవాళ్ళు ఎలా పంపితే అలాగే, నువ్వు చెప్పిందే కరెక్టు అన్నాడు. నేను గుమ్మంలోనే ఆగాను.

"నేను చెప్పింది మిషన్ల గురించి కాదు," అంది అక్క. "మీ గురించి. మిషన్లు తెరిచినవే బాగుంటాయి. నాకు వినపడుతుందిగా."

ఆయనకు ఆ మాట సరిగ్గా అందలేదు. ఆమె దగ్గరికి జరిగి, మళ్ళీ చెప్పింది. ఆయన ఆమె చెవుల్లోని దూది వైపు చూశాడు. తర్వాత, అందరికీ తెరవక్కర్లేదు, చేతిలో పని ఉన్నవాడికే తెరుద్దాం, ఇంట్లో వాడుకునేవాళ్ళకు ఉన్నది ఉన్నట్టే ఇద్దాం అని ఇద్దరూ మామూలుగా పని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు నేను వెళ్ళి నా గొలుసు తెచ్చి అక్క బల్ల మీద పెట్టాను. ఆమె ఒక పన్ను గోటితో తడిమి చూసి, ఇదా నీ పదును అంది.

ఇప్పుడు వాళ్ళ పని చూస్తే నాకు నవ్వొస్తుంది, ఇంకేదో కూడా వస్తుంది. బావ సైలెన్సర్ కన్ను కోస్తాడు. ఆ చేతికి సాటి చెయ్యి లేదు, ఒక్క రవ్వ కూడా వంకర పోదు. తర్వాత ఇద్దరూ పెరట్లోకి వెళ్తారు. ఆయన మిషన్ పట్టుకుంటాడు, ఆమె స్క్రూ తిప్పుతుంది. ఆయన వినడు, ఆమె ముఖం వైపు చూస్తుంటాడు. ఆమె కనుబొమలు సర్దుకోగానే మిషన్ ఆపేస్తాడు. పైమూత లోపల లెక్క ఇప్పుడూ ఆయనే గీస్తాడు, ఆమె చెప్పిన లెక్క.

కిందటి వారం కట్టెల అడితి ఆయన వచ్చాడు, షాపులో మరో నలుగురున్నారు. కొత్త మిషన్ వెన్నలో దిగినట్టు దిగుతోంది మేస్త్రీ, ఏం చెవయ్యా నీది అన్నాడు. వేరే ఎవరైనా అయితే నవ్వి ఊరుకునేవాళ్ళు. బావ చేతిలో పని దించి నిలబడ్డాడు. ఈ మధ్య తన గొంతు ఎంత ఎత్తులో ఉందో ఆయనకు తెలియదు.

"నాకు చెవుల్లేవండీ," అన్నాడు. "ట్యూనింగ్ మా ఆవిడది. రెండేళ్ళ నుంచీ ఆవిడదే."

హాస్యమనుకుని నలుగురూ నవ్వారు. ఆయన నవ్వలేదు. వీళ్ళకు వినపడలేదేమోనని ఇంకా గట్టిగా, మాట మాట విడదీసి మళ్ళీ చెప్పాడు. ఎదురు షాపువాళ్ళు బయటికి వచ్చి చూశారు. వెనక గదిలో ఆకురాయి చప్పుడు ఆగిపోయింది. నెమ్మదిగా చెప్పు బావా అని నేను చొక్కా పట్టి లాగితే, నా చెయ్యి విదిలించుకుని గుమ్మంలోకి నడిచి, మూడోసారి వీధి మొత్తానికి చెప్పాడు.